ఇల్లు చూడబోయి కాలేజీ చూసొచ్చాం

మా తమ్ముడు రాజేశం భీవండిలో మాట్లాడితే జగిత్యాలలో ఫోను లేకుండానే వినబడుతుందని మా ఇంట్లో ఎగతాళి. పొద్దస్తమానం సాంచాల చప్పుడు మధ్య బతికేవాడి గొంతు మరెలా ఉంటుంది? మరమగ్గాలను మనవైపు లాగే అక్కడా సాంచాలనే అంటారు. వాడు ఫోన్ చేసినప్పుడు నా కుట్టుషాపులో రవికె కొలతలకు వచ్చిన ఆడవాళ్లంతా చేతిలో పని వదిలేసి విన్నారు.

"అక్కా, నువ్వు ఉన్నపళంగ రావాలె. పిల్ల మొండికేసింది. ఏదో గుట్టలల్ల కాలేజట. చిన్నదట. అండ్ల ఏది బడితే అది సదువుకోవచ్చునట. నువ్వొచ్చి వద్దను. నువ్వంటె ఇంటది."

పిల్ల అంటే వాడి కూతురు నవ్య. పన్నెండో తరగతి పరీక్షలు రాసి కూర్చుంది. కర్జత్ దాటాక కొండల్లో ఉన్న ఆ కాలేజీ వాళ్లు ఫీజు, హాస్టలు మాఫీ చేసి సీటిస్తామన్నారు. వారంలోగా ఊ అనో ఊహూ అనో చెప్పాలి. రాజేశానికేమో పిల్ల భీవండిలోనే బీకాం చదివి సాయంత్రానికి ఇంటికి రావాలని ఉంది. మేనత్త మాట తీసెయ్యడానికి లేదు గనక నన్ను పిలిచాడు. వద్దని చెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య. షాపుకు తాళం వేసి బయల్దేరాను.

బస్సు నిండా జగిత్యాల

మావైపు నుంచి భీవండికి నేరుగా ప్రైవేటు బస్సులున్నాయి. ఎక్కితే బస్సులా ఉండదు, సంతలా ఉంటుంది. సీట్ల కింద బియ్యం సంచులు, సీట్ల మీద పచ్చడి డబ్బాలు, ఆ రెంటి మధ్య ఎక్కడో మనుషులు. నా పక్కన కూర్చున్నావిడ కోరుట్లలో తల్లిగారింటికి వచ్చి తిరిగి పోతోంది. ఒళ్లో చింతపండు మూట.

"భీవండిల చింతపండు దొరకదా?" అన్నాను.

"దొరుకుతది. పులుపుండది" అని తేల్చేసింది. బతుకంతా అక్కడే గడిపినా నాలుక మాత్రం ఇక్కడే ఉండిపోయినట్టుంది.

ఏ పని మీద పోతున్నానో చెబితే, కాలేజీలో పిల్ల ఏం చదువుతుందని అడిగింది. నాకూ తెలియదన్నాను. "తెల్వకుండనే వద్దన పోతున్నవా?" అని నవ్వి, చింతపండు మూట మీద తల వాల్చి నిద్రపోయింది. నాకు కోపం వచ్చింది. అప్పటినుంచి ప్రయాణమంతా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

టెంఘర్‌లో సర్వపిండి

రాజేశం ఖోలీ భీవండి శివారున టెంఘర్‌లో. ఖోలీ అంటే ఒకటే గది, పైన చెక్కలతో ఒక అటక. పక్క గోడకు ఆనుకుని ఎవరివో సాంచాలు. గోడ వణుకుతుంటుంది, గూట్లో స్టీలు గ్లాసులు గలగలమంటుంటాయి. నేనేం మాట్లాడినా అరవాల్సి వచ్చింది. మా మరదలు భాగ్య మాత్రం నా పెదాలు చూసి నేను చెప్పకముందే నవ్వేస్తోంది. ఆ ఊళ్లో ఆడవాళ్లు చెవులతో కాదు, కళ్లతో వింటారు.

భాగ్య పెట్టిన సర్వపిండి మా జగిత్యాలలో కూడా ఇప్పుడంత బాగా చేయరు. మాట కూడా అంతే. మా పిల్లలు షర్టు అంటారు, వీళ్లింకా అంగీ అంటారు. వలస వచ్చినవాళ్లు మాటల్ని మనకన్నా జాగ్రత్తగా దాచుకున్నారు. సాయంత్రం వీధి మొదట్లో వడాపావ్ తిన్నాను. ఇరవై రూపాయలకు కడుపు నిండింది, పచ్చిమిరపకాయ ఉచితం. ఆ ధరకు మా బస్టాండులో బజ్జీల నూనె కూడా రాదు.

నవ్య అటక మీద పుస్తకంలో తల దూర్చి ఉంది. నన్ను చూసి దిగింది. సన్నగా, కళ్లద్దాలతో, అచ్చం మా అమ్మ.

"అత్తమ్మా, నువ్వు డైరెక్ట్ నో అనకు. పహిలే సూడు, మగ్ చెప్పు." ముందు చూడు, తర్వాత చెప్పు అని దాని మరాఠీ తెలుగు.

"అండ్ల ఏం సదువుతవే?"

"హిస్టరీ, మ్యాథ్స్. రెండూ. ఇంకేమన్న మంచిగనిపిస్తే అది కూడ."

"చేపల పులుసుల చక్కెర ఏసినట్టున్నది" అన్నాను.

అది నవ్వింది గాని ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. వాళ్ల నాన్న బయటికి వెళ్లాడో లేదో చూసుకుని నా పక్కన కూర్చుంది. "నాకూ భయమే అత్తమ్మా. బాపు ముందట చెప్తలేను. చిన్న కాలేజ్ గదా, దాక్కునే జాగ ఉండది. అందరూ ఫటాఫట్ ఇంగ్లీషు మాట్లాడేటోళ్లుంటే? నేను నోరే తెర్వకపోతే? పెద్ద కాలేజీల ఎన్కబెంచీల కూసుంటే ఎవ్వలు సూడరు. ఆడ ఎన్కబెంచే లేదట."

పిల్ల మొండికేసిందని వచ్చిన నాకు, పిల్ల కూడా ఎటూ తేల్చుకోలేక ఉందని అప్పుడు తెలిసింది. ఒక పక్క వెళ్లాలని ప్రాణం కొట్టుకుంటోంది, ఇంకో పక్క వెళ్లి మూగదాన్నైపోతానని భయం. వద్దని చెప్పాలనుకున్న మాట ఆ రోజుకు మింగేశాను.

నాగావ్ పంచాయితీ

మర్నాడు రాజేశం నన్ను నాగావ్‌లో తను సాంచాలు నడిపే కార్ఖానాకు తీసుకెళ్లాడు. కార్ఖానా ముందు టీకొట్టు బల్ల మీద అంబాదాస్ తాత కూర్చుని ఉన్నాడు. ఆయన అక్కడి మన తెలుగువాళ్లకు పెద్దమనిషి. తల మీద మరాఠీవాళ్ల తెల్లటోపీ, భుజం మీద మన కండువా. పెళ్లిళ్లు, తగాదాలు, పంపకాలు అన్నీ ఆ బల్ల మీదే తెగుతాయి.

రాజేశం మొర పెట్టుకున్నాడు. తాత టీ సాసర్లో పోసుకుని చల్లార్చుకుంటూ అంతా విన్నాడు.

"పిల్లనిచ్చేటప్పుడు ఏం జేస్తం?"

"ఇల్లు సూస్తం."

"సూడకుండ ఊ అంటె ఎంత తప్పో, సూడకుండ వద్దన్నా గంతే తప్పు. పిల్ల పోయి ఉండే ఇల్లు గదా అది. పోయి సూత్తం. శుక్రవారం సాంచాలు బందే గదా."

"కాలేజీకి ఇల్లు సూసుడేంది తాతా?" అన్నాడు రాజేశం.

"నీ బిడ్డెను నువ్వు సంతకు తోలుతున్నవా ఏంది, సూడకుండ?" అని తాత సాసరు కింద పెట్టాడు. అంతే, తీర్పు అయిపోయింది.

మాన్కోలి లారీల మధ్య

శుక్రవారం పొద్దున్నే ఒక చిన్న టెంపోలో బయల్దేరాం. తాత, రాజేశం, భాగ్య, నేను, నవ్య. పిల్లతో ఒకరొస్తే చాలని కాలేజీవాళ్లు చెప్పారట. ఒక్కరు పోయి ఇల్లు చూసిన సంబంధం ఎక్కడైనా ఉందా? తాత చేతిసంచిలో కొబ్బరికాయ, తమలపాకులు కూడా సర్దుకున్నాడు.

మాన్కోలి దగ్గర గోడౌన్లకు సరుకు తెచ్చిన లారీలు ముందొకటి వెనకొకటి నిలబడి మమ్మల్ని కదలనివ్వలేదు. ఆ ఖాళీలో తాత కట్టుబాటు చెప్పాడు. "ఖాయమయ్యేదాక ఆడ ఎవ్వలు చెయ్యి తడుపొద్దు. చాయ్ గాదు, మంచినీళ్లు గూడ ముట్టొద్దు. ఇల్లు సూడబోయి వాళ్లింట్ల తిన్నమంటె సంబంధం ఒప్పుకున్నట్టే. తెలిసిందా?"

మావైపు ఈ పట్టింపు ఇప్పుడు ఎవరికీ లేదు. బిర్యానీ పెట్టి మరీ ఇల్లు చూపిస్తున్నారు. కానీ తాత ముందు ఆ మాట అనే ధైర్యం నాక్కూడా లేదు. భాగ్య సర్వపిండి కట్టి తెచ్చింది, గేటు బయట తిందామని.

గేటు ముందు టీకొట్టు

కొండదారి మలుపులు పడక భాగ్య టెంపోను రెండుసార్లు ఆపించింది. కాలేజీ గేటు చూస్తే కాలేజీ గేటులా లేదు, మామిడితోట గేటులా ఉంది. తాత లోపలికి పోనివ్వలేదు. "ముందుగాల ఇరుగు పొరుగును అడుగాలె" అని ఎదురుగా టీకొట్టు నడుపుతున్న మరాఠీ ఆవిడ దగ్గరికి నడిచాడు. మంచి మరాఠీలో పిల్లకు సంబంధం అడిగినట్టే అడిగాడు. పిల్లలు ఎట్లాంటివాళ్లు? తాగుతారా? పెద్దా చిన్నా ఉందా?

ఆవిడకు ఈ ప్రశ్నలు బాగా నచ్చాయి. చీర కొంగు దోపుకుని మరీ చెప్పింది. "తాగేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఎక్కడ లేరు? ఒక్క టీ చెప్పి పొద్దుగూకేదాకా కొట్లాడుతుంటారు. దేవుడున్నాడా లేడా అని ఒకసారి నా బెంచీ విరగ్గొట్టారు. మళ్లీ వాళ్లే మేకులు తెచ్చి కొట్టారు, అది ఇంకా ఊగుతూనే ఉంది. కానీ మా అత్త జారి పడితే మోసుకుని ఆస్పత్రికి తీసుకుపోయింది కూడా వాళ్లే. అక్కడ కూడా కొట్లాడుకున్నారు, రాత్రి ఎవరు కాపలా ఉండాలని."

తాత ఊగుతున్న బెంచీ మీద కూర్చుని చూశాడు. "కొట్లాట మంచిదే. లోపటికి పోదాం పట్టుండ్రి" అన్నాడు.

మూగనోము పట్టిన చుట్టాలు

లోపల మమ్మల్ని కలిసింది సీట్ల సంగతి చూసే శాలినీ మేడమ్. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, కాళ్లకు మామూలు చెప్పులు. అయిదుగురం దిగేసరికి ఒక్క క్షణం తడబడి, వెంటనే టీ తెప్పించింది. ఎవరూ ముట్టలేదు. శుక్రవారం ఉపవాసం అనుకుని అరటిపళ్లు తెప్పించింది. అవీ ముట్టలేదు. మంచినీళ్లు కూడా వద్దనేసరికి ఆవిడ బెంబేలెత్తింది. ఏం తప్పు జరిగిందోనని పాపం కుర్చీలు మార్పించింది, ఫ్యాను వేగం పెంచింది. నీళ్ల గ్లాసు వైపు భాగ్య చూసిన చూపు మాత్రం నేను జన్మలో మర్చిపోను.

లైబ్రరీ చూపిస్తుంటే రాజేశం తన మామూలు గొంతుతో "ఇన్ని పుస్తకాలు ఎవ్వలు సదువుతరు?" అన్నాడు. గది గదంతా తలెత్తి చూసింది. చప్పుడు లేని చోట వాడికి గొంతు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ తర్వాత అడగాల్సిన మాటలన్నీ బయట వరండాలో అడిగాడు, హిందీలో.

"మేడమ్, ఈ చదువు అయిపోయాక మా పిల్ల ఏమవుతుంది?"

"నాకు తెలియదు" అంది ఆవిడ. "రెండేళ్లు చదివాక తనే చెబుతుంది."

రాజేశం నా వైపు తిరిగాడు. "విన్నవా అక్కా? సాంచ మీద నూలెక్కించినంక ఏం బట్టనో తర్వాత జెప్తనంటె ఏ సేటన్న ఊకుంటడా?"

నేను ఆ ముక్క ఆవిడకు హిందీలో చెప్పేశాను. కోపం వస్తుందేమో చూద్దామని. ఆవిడ పెద్దగా నవ్వింది, తర్వాత నవ్వు ఆపి నిజం మాట్లాడింది. ఇక్కడ చదివిన వాళ్లలో బ్యాంకులో ఉన్నవాళ్లున్నారు, బడి పెట్టుకున్నవాళ్లున్నారు, పేపర్లో రాసేవాళ్లున్నారు. ఏడాది తిరక్కుండానే ఇది నాకు సరిపడదని వెళ్లి ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లవాడూ ఉన్నాడు. "చెప్పింది రాసుకుని పరీక్షలో అప్పజెప్పాలనుకునే పిల్లకు ఇది నరకం. మీ పిల్ల ఎలాంటిదో నాకింకా తెలియదు. క్లాసులో కూర్చోనివ్వండి, చూద్దాం" అంది.

సరుకులో లోపం తనే చెప్పిన వ్యాపారిని నా జన్మలో చూడలేదు. అక్కడ మొదటిసారి నా పట్టు కాస్త సడలింది.

ఊరంటే ఏది?

క్లాసులో నిజంగానే వెనకబెంచీ లేదు. పెద్ద బల్ల చుట్టూ పదిమందో పన్నెండుమందో పిల్లలు. తాత పట్టుబట్టి మమ్మల్ని కూడా గోడవారన కూర్చోబెట్టించాడు. మనిషికి ఏది తన ఊరు అవుతుందని ఆ రోజు చర్చ. సగం ఇంగ్లీషు, సగం హిందీ. నాకు హిందీ సగం అందింది.

నవ్య తల వంచుకుని బల్ల గీతలు చూస్తోంది. పెదాలు బిగించేసింది. అది భయపడ్డదే జరుగుతోంది. వద్దని చెప్పడానికి వచ్చినదాన్ని, ఒక్క మాట మాట్లాడవే తల్లీ అని లోలోపల మొక్కుకుంటున్నాను!

అప్పుడు ఓంకార్ అనే పొడుగాటి కుర్రాడు, నాగపూర్ వైపు వాడట, చేయి ఊపుతూ అన్నాడు. "కూలికోసం పోగైన చోటు ఊరు కాదు. భీవండీనే చూడండి. అక్కడ ఎవరికీ అది సొంతూరు కాదు. అందరూ పనికొచ్చినవాళ్లే."

నవ్య తలెత్తింది. "నాది" అంది హిందీలో. "నా ఊరు అదే."

ఇక మొదలైంది. మా బాపు వాళ్ల బాపు బూడిద కలిసింది ఆ ఊరి నీళ్లలోనే అంది. మా బతుకమ్మలు ఎక్కడ వదులుతామనుకుంటున్నావంది. ఇంగ్లీషు చాలకపోతే హిందీ, హిందీ చాలకపోతే మరాఠీ, కోపం ముదిరితే నడుమ మన తెలుగు. ఓంకార్ తగ్గలేదు, క్షమాపణా చెప్పలేదు. "సరే, మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే ఏం చెబుతావు?" అన్నాడు.

అడిగినవాళ్లకు నవ్య జగిత్యాల అనే చెబుతుంది. నాకు తెలుసు.

"అడిగేవాడు ఎవడో చూసి చెబుతా" అంది చివరికి. "నీలాంటోడు అడిగితే భీవండీ అంటా."

బల్లంతా ఘొల్లుమంది. ఓంకార్ అందరికన్నా గట్టిగా నవ్వి, "ఇది జవాబు కాదు, తప్పించుకోవడం" అని మళ్లీ అందుకున్నాడు. గంట కొట్టినా ఇద్దరూ ఆపలేదు.

మెస్సులో తప్పు

మేం గేటు బయటికి వచ్చి సర్వపిండి మూట విప్పుకున్నాం. నీళ్ల సీసా ముందు భాగ్యకే ఇచ్చాం. చూస్తే నవ్య లేదు. మా వెనకే వస్తోందనుకున్నాం. వెతుక్కుంటూ మళ్లీ లోపలికి వెళ్తే మెస్సులో దొరికింది. ఎదురుగా ఓంకార్. నవ్య ఎడమచేయి వాడి ముక్కు మీదికి చూపిస్తోంది, కుడిచేయి పప్పన్నం కలిపి నోట్లో పెట్టుకుంటోంది.

"తిన్నది!" అన్నాడు రాజేశం. ఆ గొంతుకు వంటవాళ్లు కూడా బయటికొచ్చారు. నవ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మాన్కోలి దగ్గర చెప్పిన మాట దానికప్పుడు గుర్తొచ్చింది.

"ఎంత జెప్పినా ఇనకుండ! పెద్దలు ఖాయం చేసెటోళ్లా, నువ్వు చేసుకునేదానివా?" రాజేశం ముఖం ఎర్రబడింది. శాలినీ మేడమ్ పరుగున వచ్చింది. అన్నం బాగాలేదేమోనని ఆవిడ భయం.

తాత కర్ర అడ్డం పెట్టి రాజేశాన్ని ఆపాడు. నవ్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"బిడ్డా, నిజం జెప్పు. మా నోరు మూపియ్యాలని తెలిసి తిన్నవా? యాదిమరిచి తిన్నవా?"

కావాలనే తిన్నానంటే పొగరు. ఆకలైందంటే అందరం నమ్మేవాళ్లం, గొడవా పోయేది. నవ్య వాళ్ల నాన్నను చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"యాదిమరిచిన తాతా. రివాజే గాదు, మీరందరు వచ్చిండ్రన్నదే యాదిమరిచిన. భయమైతదేమో అనుకున్న, భయం గూడ యాదికి రాలె. ఇంట్ల నన్ను తిడ్తరు, లేకపోతె మెచ్చుకుంటరు. నాతోని గిట్ల ఎవ్వలు కొట్లాడలె, బాపూ. నాకు మంచిగనిపించింది."

భాగ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజేశం నేల చూశాడు, పైకప్పు చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"అక్కా, నువ్వేమంటవ్?"

ఆ మాట చెప్పడానికే గదా అంత దూరం పోయింది. నిజం చెబుతున్నాను, నాకు కాస్త బాధనిపించింది. మేమంతా గోడవారన దాహంతో ఎండిపోతుంటే అది మమ్మల్ని మర్చిపోయింది. కానీ ఆ ముద్ద పట్టుకున్న చేయి, ఎర్రబడ్డ ఆ బుగ్గలు చూశాక, కాదనడానికి నాకు నోరు రాలేదు. అంత ఆనందంగా ఉన్న పిల్లను మా వంశంలో నేనింతవరకూ చూడలేదు.

"పుట్టిల్లు యాదికి రాలేదంటె ఇగ ఆ ఇంట్ల పిల్లకు ఢోకా లేదు. నాకో పళ్లెం తెప్పియ్యి" అన్నాను.

"మేనత్త మాట అయింది" అన్నాడు తాత, కొబ్బరికాయ తీసి బల్ల మీద పెడుతూ. ఓంకార్‌కు ఏమీ అర్థం కాక అడిగితే నవ్య హిందీలో చెప్పింది. వాడు బెదిరిపోయి, "అంటే పెళ్లా? నేనింకా ఏమీ ఒప్పుకోలేదు!" అన్నాడు. తాతకు నవ్వుతో పొలమారింది. భాగ్య నవ్వుతూ నీళ్లందించింది, కాలేజీ నీళ్లే.

రాజేశం మాత్రం నిలబడే ఉన్నాడు. శాలినీ మేడమ్ తనే ఒక పళ్లెం పెట్టుకొచ్చి వాడి ముందు పట్టుకుంది. వాడు పళ్లెం వంక ఒకసారి, కూతురి వంక ఒకసారి చూసి, కడుక్కోవడానికి చేతులు చాపాడు. మొదటి ముద్ద మింగి, "పప్పుల కారం లేదు" అన్నాడు. మళ్లీ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

తిరుగు బస్సు

మర్నాడు నన్ను బస్సెక్కించడానికి తండ్రీకూతుళ్లు ఇద్దరూ వచ్చారు. కాలేజీకి సరేనని పొద్దునే చెప్పేశారు, వానలు మొదలయ్యాక చేరాలి. టెంఘర్ నుంచి ఆటోలో వస్తున్నంతసేపూ ఇద్దరికీ ఒకటే వాదన. మన జనం భీవండికి ఎందుకు వచ్చారని. కరువొచ్చి వచ్చారంటాడు వాడు. కరువు అందరికీ వచ్చింది గదా, మరి అందరూ ఎందుకు రాలేదంటుంది అది. మా బాపు చెప్పిండంటాడు. మరి ఆయనకు ఎవరు చెప్పారంటుంది. నాకు బస్సులో కిటికీ సీటు దొరికింది, ఇడ్లీ పొట్లం చేతికొచ్చింది, వీడ్కోలు మాత్రం ఎవరూ చెప్పలేదు.

చిన్నప్పుడు ఇంట్లో ఎదురు మాట్లాడితే మా నాన్న చేతిలో వీపు పగిలేది. రాజేశం కూడా ఆ నాన్న కొడుకే. అందుకే బస్సు కదులుతుంటే నాకు కొంచెం బెదురుగానే ఉంది. వాడు కిటికీ పక్కన పరుగెత్తుతూ, బస్సంతా వినబడేలా అరిచాడు.

"సూసినవా అక్కా! ఇంకా చేరనే లేదు, నన్నే ఓడగొడుతున్నది!"

భీవండిలో ఏ సాంచ చప్పుడు కూడా మా తమ్ముడి సంతోషాన్ని మింగేసేలా లేదు.